తాతమ్మ పుట్టింటి ఇంటిపేరు ఎక్కడ దొరుకుతుంది

చాలా ఇళ్ళల్లో గీసిపెట్టిన వంశవృక్షాల్లో మగవాళ్ళ వరుస ఏడెనిమిది తరాలు పోతుంది. భార్యల దగ్గర మాత్రం "సుబ్బమ్మ" అని ఒక్క ముక్క. ఏ ఊరి పిల్లో, ఎవరి కూతురో ఉండదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఆడమనిషి మూలాలు వెతికేటప్పుడు పుట్టుక దగ్గర మొదలుపెడితే చేతికేమీ రాదు. ఆమె పేర భూమి ఎప్పుడొచ్చింది, భర్త ఎప్పుడు పోయాడు అన్నవి ముందు తేల్చుకోవాలి. ఆమె కాగితానికెక్కేది ఎక్కువగా ఈ రెండుచోట్లే.

1871 నుంచి జనాభా లెక్కలున్నాయి కదా అంటారు. పేర్లు రాసిన కాగితాలు దాచలేదు, మిగిలినవి అంకెల పట్టికలే. పాత జనన రిజిస్టర్లలో తండ్రి పేరు, "ఆడ" అన్న మాట ఉండి బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే.

పెద్దవాళ్ళ నోటిమాటను ముందు సంవత్సరంలోకి మార్చుకోండి. "ధాత కరువులో పుట్టింది" అంటే 1876-77. ధాత అన్నది అరవై తెలుగు సంవత్సరాల వరుసలో ఒకటి. "బందరు ఉప్పెన నాటికి చంకపిల్ల" అంటే లెక్క 1864 నవంబరు 1 నుంచి కట్టాలి. జాతకంలో ధాత అని ఉంటే అది 1816 కావచ్చు, 1876 కావచ్చు, 1936 కావచ్చు. అరవై ఏళ్ళ తేడా ఇలాగే వస్తుంది. పైగా ఏడాది ఉగాదితో మారుతుంది కనక ధాత ఫాల్గుణంలో పుట్టిన మనిషిది 1877.

తర్పణాలు విడిచే ఇళ్ళల్లో ఆ పేర్ల పుస్తకం అడగండి. తల్లి, నాయనమ్మ, తాత గారి తల్లి, మాతామహి (అమ్మమ్మ), ఆ పైన ఇద్దరు అందులో ఉంటారు, గోత్రంతో సహా. ఇక్కడే చాలామంది పొరబడతారు. మాతామహి తర్వాత వచ్చే "మాతుః పితామహి" అమ్మమ్మ తల్లి కాదు, అమ్మమ్మ అత్తగారు. అమ్మమ్మ తల్లి పేరు కావాలంటే అమ్మమ్మ అన్నదమ్ముల కొడుకుల కొడుకుల పుస్తకం చూడాలి. వాళ్ళకు ఆవిడ ప్రపితామహి, అంటే తాతగారి తల్లి. మహాలయ పక్షంలో చెప్పే కారుణ్య పితృదేవతల (నేరు వరుసలో లేని చుట్టాల) వరుసలో మేనత్తలు, అక్కచెల్లెళ్ళ పేర్లు కూడా వస్తాయి. ఇంటిపేరు మాత్రం తర్పణంలో ఉండదు, గోత్రమే.

ఇంటిపేరు దొరికే చోటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకు వెళ్ళి చేత్తో వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. దానికి రెండు ఇండెక్సులు: మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తుల వివరాలతో. రుసుం కడితే ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆడవాళ్ళను పేర్ల ఇండెక్సులో పట్టుకోవడం కష్టం. వెంకమ్మలు, సుబ్బమ్మలు ఊరికి పదిమంది. అందుకే పొలం సర్వే నంబరు తెలుసుకుని ఆస్తుల ఇండెక్సు నుంచి రావడం మేలు. ఆఫీసు పరిధి మారిన ఊళ్ళయితే పాత వాల్యూములు తరచు మొదటి ఆఫీసులోనో జిల్లా రిజిస్ట్రార్ దగ్గరో ఉంటాయి.

వెతకాల్సింది పసుపు కుంకుమల దస్తావేజు, అంటే పుట్టింటివాళ్ళు కూతురికి భూమి ఇస్తూ రాసిన కాగితం. దొరకలేదా, కంగారు వద్దు. పసుపు కుంకుమల కింద భూమి నోటిమాటగా ఇవ్వడం ఎక్కువ. అప్పుడు ఆ భూమి ఆవిడ తర్వాతెప్పుడో అమ్మిన క్రయ దస్తావేజు చూడండి. "నాకు నా తండ్రిగారు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చి నా స్వాధీనానుభవంలో ఉన్న" అని మొదటి పేరాలోనే ఉంటుంది, ఒక్కోసారి తండ్రి పూర్తి పేరుతో. ఆ తర్వాత అడుగుకు పోయి సాక్షుల పేర్లు చదవండి. ఆవిడ నిశానీ (వేలిముద్ర లేదా గుర్తు) పక్కన సాక్షి సంతకాల్లో అత్తవారి ఇంటిపేరు కానిది కనబడితే ఆయన అన్నో తమ్ముడో మేనమామో అయ్యే అవకాశం ఎక్కువ.

పిల్లలు లేకుండా భర్త పోయిన ఆవిడైతే ఆధారాలు ఇంకా చిక్కనవుతాయి. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టానికి ముందు ఉమ్మడి కుటుంబంలో ఆమెకున్నది మనోవర్తి (పోషణ ఖర్చు) హక్కే. మనోవర్తి దస్తావేజుల్లో ఆమె తరఫున నిలబడ్డది పుట్టింటివాళ్ళే అయివుండవచ్చు. దత్తత తీసుకోవడానికి భర్త అనుమతి రాసి ఉంటే అది వీలునామాలతోపాటు మూడో పుస్తకంలో ఉంటుంది. రాసినవారు పోయాక నకలు ఎవరైనా అడగవచ్చు. భర్త అనుమతి లేకపోతే మద్రాసు ప్రాంతంలో అతని సపిండుల (దగ్గరి రక్తసంబంధీకుల) సమ్మతితో దత్తత చెల్లేది. అందుకే ఆ సమ్మతి పత్రాలు దాయాదుల జాబితాలా ఉంటాయి.

భర్త ఆస్తి అనుభవించి ఆవిడ కన్నుమూశాక రివర్షనర్లు (ఆవిడ తర్వాత ఆ ఆస్తి చెందాల్సిన భర్త వారసులు) వేసిన దావాలకైతే సాటి లేదు. చుట్టరికం రుజువు చేసుకోవాలి కనక వంశవృక్షం దావాలోనే జతచేసేవారు. మద్రాసు హైకోర్టు దాకా పోయిన కేసయితే అది తీర్పులో అచ్చయి ఉండవచ్చు. అయితే కోర్టుకిచ్చిన వంశవృక్షాన్ని అవతలి పక్షం ఇచ్చినదానితో సరిచూడకుండా నమ్మకండి. గెలవడానికి వేసినది కదా.

జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త. గోదావరి, కృష్ణా జిల్లాలు 1859లో ఏర్పడ్డాయి, గుంటూరు 1904లో మళ్ళీ విడిగా వచ్చింది, పశ్చిమ గోదావరి 1925లో. చిత్తూరు 1911 దాకా జిల్లాయే కాదు. అక్కడి ఊళ్ళు చాలావరకు ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి. ప్రెసిడెన్సీ స్థాయి కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇక నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టే ఆనవాయితీ వల్ల ఒకే ఇంటిపేరుతో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. దస్తావేజులో వయసు, భర్త పేరు, సర్వే నంబరు మూడూ కలిస్తేనే ఆవిడ మీ తాతమ్మ. రెండు కలిసి వయసులో రెండు తరాలంత తేడా వస్తే, బహుశా మనవరాలి కాగితం మీ చేతికొచ్చినట్టు.