ఆకులో ఉన్నది వేరు, ఫైబర్ మీదికి ఎక్కేది వేరు

తులసాకులో వాసననిచ్చే పదార్థాలేమిటో చూడాలంటే పాత పద్ధతిలో క్లెవెంజర్ (ఆవిరితో నూనెని వేరుచేసే గాజు పరికరం) పెట్టి గంటల తరబడి మరిగించాలి, లేదంటే హెక్సేన్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేయాలి. ఎస్‌పీఎంఈలో (సాలిడ్ ఫేజ్ మైక్రో ఎక్స్‌ట్రాక్షన్, అంటే పూత ఉన్న సన్నని పోగుతో పదార్థాల్ని పట్టే పద్ధతి) ఆ తంటా లేదు. సూది లోపల సెంటీమీటరు పొడవున్న ఫైబర్, దాని మీద పాలిమర్ పూత ఉంటాయి. వయల్‌లో (మూత ఉన్న చిన్న గాజు సీసా) ఆకు పైనున్న గాలిలోకి ఫైబర్‌ని దించితే వాసన పదార్థాలు పూతలోకి చేరతాయి. తీసి జీసీ (గ్యాస్ క్రోమటోగ్రాఫ్, మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసే యంత్రం) ఇంజెక్టర్‌లో దించితే ఆ వేడికి బయటపడతాయి. సాల్వెంట్ చుక్క కూడా అక్కర్లేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం నుంచి పావ్లిషిన్ 1990లో ప్రచురించిన పద్ధతి ఇది. చేయడం తేలికే. వచ్చిన క్రోమటోగ్రామ్‌ని (ఒక్కో పదార్థం ఒక్కో పీక్‌గా, అంటే శిఖరంగా, కనిపించే గ్రాఫ్) చదవడంలోనే బోల్తా పడతారు.

తులసిలో చిన్న అణువులూ పెద్దవీ కలిసి ఉంటాయి కాబట్టి 50/30 మైక్రోమీటర్ల డీవీబీ/కార్బాక్సెన్/పీడీఎంఎస్ (మూడు పదార్థాలు కలిసిన పూత) ఫైబర్ మేలు. కొత్తదాన్ని 270 డిగ్రీల దగ్గర గంటసేపు కండిషన్ చేసి (అంటే వేడితో శుభ్రం చేసి), ఖాళీ ఫైబర్‌తో, నమూనా లేకుండా, ఒక బ్లాంక్ రన్ వేయాలి. 207, 281 మాస్‌లతో (జీసీకి తగిలించిన మాస్ స్పెక్ట్రోమీటర్ చూపే అయాన్ల బరువులు) పీకులు వరుసకట్టి కనిపిస్తే అవి సిలోక్సేన్లు, అంటే సిలికోన్ ముక్కలు. పూత నుంచో, సెప్టమ్ (ఇంజెక్టర్ మీది రబ్బరు మూత) నుంచో, కాలమ్ (పదార్థాల్ని విడదీసే సన్నని గొట్టం) నుంచో వచ్చినవే తప్ప ఆకువి కావు.

తాజా ఆకుతో మొదటి చిక్కు ఎంజైములది. ఆకు నలిగిన క్షణాల్లోనే లైపాక్సిజనేజ్ అనే ఎంజైము పని మొదలుపెట్టి, పచ్చిగడ్డి వాసనుండే ఆరు కార్బన్ల ఆల్డిహైడ్లని పుట్టిస్తుంది. అందుకే అర గ్రాము ఆకుని ద్రవ నైట్రోజన్‌లో నూరి, 20 మి.లీ. వయల్‌లో వేసి, కరగకముందే సంతృప్త కాల్షియం క్లోరైడ్ ద్రావణం 2 మి.లీ. పోయాలి. ఎండు పొడైతే 0.2 గ్రాములు, 2 మి.లీ. సంతృప్త ఉప్పునీరు చాలు. 50 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, తర్వాత ఇరవై నిమిషాలు ఫైబర్ దించాలి. ఇంజెక్టర్ 250 డిగ్రీలు, స్ప్లిట్‌లెస్ (నమూనా దాదాపు మొత్తం కాలమ్‌లోకే వెళ్లేలా), మూడు నిమిషాలు. లైనర్ (ఇంజెక్టర్ లోపలి గాజు గొట్టం) 0.75 మి.మీ. సన్నదే వాడాలి. మామూలు వెడల్పు లైనర్‌తో మొదట వచ్చే పీకులు చదునుగా సాగిపోతాయి. ఫైబర్ సూది సిరంజి సూదంత పదునుగా ఉండదు, సెప్టమ్‌ని తొలిచి ముక్కల్ని లైనర్‌లో రాలుస్తుంది. లైనర్‌ని అప్పుడప్పుడూ తీసి చూసుకోవాలి.

పీకులు పెరుగుతాయి కదా అని ఉష్ణోగ్రత పెంచితే లాభనష్టాలు రెండూ ఉంటాయి. వేడికి పదార్థం గాలిలోకి ఎక్కువగా లేస్తుంది, కానీ పూత దాన్ని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. లిమోనీన్ లాంటి తేలికవి తగ్గిపోతాయి, సెస్క్విటెర్పీన్లు (పదిహేను కార్బన్ల బరువైన వాసన పదార్థాలు) పెరుగుతాయి. ఒకే ఆకు 40 డిగ్రీల దగ్గర ఒక శాతాల పట్టిక ఇస్తుంది, 70 దగ్గర ఇంకోటి ఇస్తుంది.

అసలు గొడవ ఆ పట్టికతోనే. యూజినాల్ (లవంగం వాసననిచ్చేది) ఒక ఫినాల్. నీటితో స్నేహం ఎక్కువ, అంత సులభంగా గాలిలోకి లేవదు. బీటా-కేరియోఫిలీన్ ఉత్త హైడ్రోకార్బన్, నీళ్లని వదిలించుకుని పూతలోకి పరుగెడుతుంది. పీక్ వైశాల్యాలు చూస్తే యూజినాల్ ఆకులో ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఆ శాతాలకి ‘తులసి నూనెలో ఉన్నవి’ అని శీర్షిక పెట్టే థీసిస్‌లు కొల్లలు. రెండు ఆకుల్ని పోల్చడానికి, కల్తీని పసిగట్టడానికి అవి బాగా పనికొస్తాయి. ‘గ్రాముకి ఇంత’ అని రాయాలంటే మాత్రం ఐసోటోప్ లేబుల్ ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ (అదే పదార్థానికి బరువైన జంట, తెలిసిన మోతాదులో కలిపేది) గానీ, నమూనాలోనే స్టాండర్డ్ కలిపి కట్టిన కాలిబ్రేషన్ (తెలిసిన మోతాదులకి పీక్ ఎంత వస్తుందో చూపే గీత) గానీ ఉండాలి. స్టాండర్డ్‌ని మెథనాల్‌లో కలిపి వేస్తుంటే 5 మైక్రోలీటర్లు దాటనివ్వకండి, మెథనాల్ ఎక్కువైతే ఫైబర్ పట్టడం మందగిస్తుంది.

నెయ్యి దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. లాక్టోన్లని (నెయ్యి వాసనకి కారణమైన పదార్థాల్లో కొన్ని) కొవ్వు గట్టిగా పట్టుకుని గాలిలోకి రానివ్వదు. నీళ్లలో గీసిన కాలిబ్రేషన్ గీత ఇక్కడ పనికిరాదు, వాసన తీసేసిన నూనెలో గీయాలి. వయల్ మూడో వంతుకి మించి నింపొద్దు. ఒక్క చుక్క చింది పూతకి తగిలినా తర్వాతి రన్‌లో ఇంజెక్టర్ వేడికి మాడి, ఫైబర్ కొస గోధుమరంగుకి తిరుగుతుంది. అలాంటి ఫైబర్‌ని ఎంత కండిషన్ చేసినా మునుపటి మనిషి కాదు.

షాంపూలో వెతికేది సాధారణంగా 1,4-డయాక్సేన్. ఇథాక్సిలేషన్‌లో (నురగ పదార్థాలకి ఇథిలీన్ ఆక్సైడ్ తగిలించే చర్య) తయారయ్యే ఉపఉత్పత్తి కాబట్టి లేబుల్ మీది జాబితాలో ఉండదు. న్యూయార్క్ రాష్ట్రం 2023 చివరి నుంచి ఇలాంటి ఉత్పత్తులకి 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) హద్దు పెట్టింది. డయాక్సేన్ నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది, ఉప్పు లేకపోతే పైకి రానే రాదు. కానీ చిక్కటి షాంపూలో నేరుగా ఉప్పు వేస్తే జెల్లీలా బిగుసుకుంటుంది. ముందు పదింతలు నీళ్లు కలిపి పలచన చేసి, అప్పుడు ఉప్పు వేయాలి. గట్టిగా కలియబెడితే నురగ లేచి ఫైబర్‌ని తడిపేస్తుంది, మాగ్నెట్ నెమ్మదిగా తిరగాలి. ఇంత చిన్న అణువుకి కార్బాక్సెన్/పీడీఎంఎస్ పూత సరిపోతుంది. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) అణువులు ఎనిమిదున్న డయాక్సేన్‌ని మొదట్లోనే కలిపి, 88, 96 మాస్‌ల నిష్పత్తి తీస్తే నురగ, ఉప్పు, సర్ఫాక్టెంట్ (నురగనిచ్చే సబ్బు పదార్థం) చేసే అల్లరి రెండు డయాక్సేన్ల మీదా సమానంగానే పడుతుంది, నిష్పత్తి చెదరదు.