నీళ్లొచ్చె మా ఊళ్లోకి

డల్లాస్ దగ్గర ఒక మిడిల్ స్కూల్లో పిల్లలకు కాయిర్, అంటే బృందగానం నేర్పుతాను. ఎవరి పిల్లల చేతనో లాటిన్, స్పానిష్ పాటలు ఉచ్చారణ చెడకుండా పాడించే నేను, నా కూతురి చేత ‘నీళ్లు’ అనిపించలేకపోయాను. ‘నీల్లు’ అనేది. దిద్దిన కొద్దీ తెలుగులో మాట్లాడటమే తగ్గించేసింది. శనివారం కర్ణాటక సంగీతం క్లాసు, బడిలో కాయిర్. అది అమ్మమ్మ పాట, ఇది స్కూలు పాట అని రెంటినీ కలవనిచ్చేది కాదు.

మొన్న వేసవిలో కావలి దగ్గర మా ఊరికి వెళ్లాం. జూన్ రెండో వారంలో అక్కడ బళ్లు తెరిచారు, మా సెలవులు ఆగస్టు దాకా. నాతో చదువుకున్న స్నేహితురాలే ఇప్పుడు ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్. “మా పిల్లకాయలకు ఒక పాట నేర్పి పోమే” అంది.

మొదటిరోజు నలభై మంది పిల్లలు గట్టిగా అరిచినట్టు పాడారు. తప్పు వాళ్లది కాదు. పెద్దవాళ్ల గొంతుకు కుదిరేలా హార్మోనియం మీద ఆధార స్వరంగా అయిదు శ్రుతి పట్టుకున్నాం. పల్లవి కింది పంచమానికి దిగితే పిల్లల గొంతు అందదు, గరగరమంటుంది, దాన్ని కప్పడానికి అరుస్తారు. దానికి పైనుండే రెండు శ్రుతికి మార్చి, పైస్థాయిలో మెత్తగా పాడమన్నాను. అప్పుడు వినపడింది వాళ్ల అసలు గొంతు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కాలువ నీళ్లు వదిలిన రోజు మీద నాలుగు వరుసలు నేనే రాసుకుని మోహన రాగంలో కట్టాను. ‘నీళ్లొచ్చె నీళ్లొచ్చె మా ఊళ్లోకి’ అని మొదలు. మన రాగం పక్కన ఏ స్వరం పడితే ఆ స్వరం పెడితే రాగం చెడుతుంది, ఆ భయం నాకూ ఉంది. కానీ మన బాణీలను బృందగానంగా పాడించవచ్చని సంగీత దర్శకులు ఎం.బి.శ్రీనివాసన్ గారు మద్రాస్ యూత్ కాయిర్‌తో ఎప్పుడో చేసి చూపించారు. మోహనలో ఉన్నవి అయిదే స్వరాలు, మధ్యమం, నిషాదం లేవు. ఒక జట్టు రెండో వరుసకి వచ్చేసరికి ఇంకో జట్టు మొదటి వరుస ఎత్తుకున్నా చెవికి ఇంపుగానే ఉంటుంది. టెక్సస్‌లో బడుల కాయిర్ పోటీల్లో, ఎప్పుడూ చూడని పాట కాగితం మీద ఇచ్చి, కాసేపు చూసుకుని పాడమంటారు. మా ఊరి పిల్లలకు కాగితమే అక్కర్లేకపోయింది, రెండుసార్లు వింటే చాలు.

మా అమ్మాయిని ఆల్టో జట్టు, అంటే కింది స్థాయిలో పాడేవాళ్ల ముందు నిలబెట్టాను. పాట ఎత్తుకునే ముందు అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకోవాలి కదా, “ఊపిరి పట్టండి!” అంది. పిల్లలంతా బుగ్గలు పూరించి బిగబట్టేశారు. నా గుండె గుబుక్కుమంది, మళ్లీ నోరు మూసేసుకుంటుందేమోనని. జడలో మల్లెపూలు పెట్టుకున్న ఒక పిల్ల ముందుకొచ్చి, “పట్టడం కాదక్కా, పీల్చాల. పువ్వు వాసన చూస్తాం చూడు, అట్ట” అని జడ ముందుకు వేసి చూపించింది. మా అమ్మాయి వంగి వాసన చూసింది. భుజాలు లేవలేదు, పొట్ట నిండింది. ఇంతకాలం నేను పొట్ట మీద చెయ్యి పెట్టి నేర్పిన సంగతే అది.

నాలుగో రోజు అదే పిల్ల నోరు బాగా తెరిచి, నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి తాకించి చూపించింది. “ఊ...ళ్లో.” మా అమ్మాయి ఆ నోటి వంకే చూస్తూ అనింది. రాలేదు. మళ్లీ అనింది. తర్వాత నలభై గొంతుల మధ్య కలిపి పాడింది. నేను వేళ్లతో తాళం వేస్తూ, వినీ విననట్టు ఉండిపోయాను. ఇంట్లో నేను దిద్దినప్పుడల్లా దాని ఒక్క గొంతే అందరి ముందూ దోషిలా నిలబడేది. ఇక్కడ దాన్ని వేరుగా వినేవాళ్లు లేరు.

ఈ డిసెంబరు మా స్కూలు కాయిర్ కచేరీకి ఆ పాటే పెట్టుకుంటున్నాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంటే ‘ళ’ దగ్గర ఆగిపోయాను, ‘l’ కింద చుక్క పెట్టనా అని. మా అమ్మాయి వచ్చి చూసింది. “చుక్క చూసి వాళ్లకేం తెలుస్తుందమ్మా? నేను ముందు నిలబడి నాలుక చూపిస్తాలే” అంది.