లెఫ్ట్ కార్నర్ నుంచి కామెంటరీ బాక్స్‌కి: నా అనుభవం

పదకొండేళ్ళు కబడ్డీ ఆడాను. నాది లెఫ్ట్ కార్నర్, అంటే డిఫెన్స్ వరసలో ఎడమ చివరి చోటు. కుడి పక్కన లెఫ్ట్ ఇన్‌లో ఉన్నవాడి చెయ్యి పట్టుకుని చెయిన్‌గా కదలడమే మా పని. అక్కడ మాటలుండవు, కూతకి వచ్చిన రైడర్ వింటాడు. వేళ్ళు గట్టిగా నొక్కితే "దూకుతున్నా, వెనకే రా" అని. వదులు చేస్తే "ఆగు, ఇంకాస్త లోపలికి రానీ" అని. అలా నోరు కట్టుకుని ఆడినవాణ్ణి, ఈ రోజు మాట్లాడటమే ఉద్యోగంగా బతుకుతున్నాను.

మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషనయ్యాక మళ్ళీ మ్యాట్ ఎక్కాను గానీ కాలి మీద నమ్మకం రాలేదు.

2019 జూలైలో ప్రో కబడ్డీ ఏడో సీజన్ హైదరాబాద్ గచ్చిబౌలిలో మొదలైంది. మొదటి మ్యాచ్ తెలుగు టైటాన్స్‌కీ యు ముంబాకీ. తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళాను. ముంబా లెఫ్ట్ కార్నర్‌లో ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి. నేను నిలబడిన చోటే కాబట్టి చూపు అతని మీద నుంచి కదల్లేదు. అతను ఒక అడుగు వెనక్కి వేసినప్పుడల్లా ఎందుకు వేశాడో తమ్ముడికి చెబుతూ కూర్చున్నాను. కాసేపటికి ముందు వరస వాళ్ళు కూడా వెనక్కి తిరిగి వినడం మొదలుపెట్టారు. ఇంటికొస్తుంటే మావాడే అన్నాడు, "అన్నయ్యా, తెలుగు కామెంటరీకి ఒకసారి ట్రై చెయ్యరాదూ?"

ఇంట్లో టీవీ సౌండ్ తీసేసి ప్రాక్టీస్ మొదలుపెట్టాను. 2017లో హరియాణా స్టీలర్స్ మీద పర్‌దీప్ నర్వాల్ ఒక్కడే 34 పాయింట్లు తెచ్చిన మ్యాచ్ పెట్టుకుని, ఫోన్‌లో నా గొంతు రికార్డు చేశాను. వింటే సగం "ఆ... చూడండి... ఇప్పుడు" అనేదే ఉంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్న అమ్మ అడిగింది, "యాంకిల్ హోల్డ్ అంటే ఏంట్రా?"

"చీలమండ పట్టుకోవడం అమ్మా."

"మరి ఆ ముక్కే అనొచ్చుగా."

ఆ రాత్రి ఒక నోట్‌బుక్ తీసి, మేం ఆటలో వాడే ప్రతి మాటకీ అమ్మకి అర్థమయ్యే మాట రాసుకున్నాను. ఇప్పటికీ అది బ్యాగులోనే ఉంటుంది.

మొదటి వాయిస్ టెస్ట్‌లో పోయాను. అక్కడి ప్రొడ్యూసర్ మేడమ్ మంచిగానే చెప్పారు. "రైడర్ ఔటయ్యాడని అందరికీ కనిపిస్తోంది. ఎందుకు ఔటయ్యాడో మీకే కదా తెలుసు, అది చెప్పండి." తర్వాత కోవిడ్ వచ్చి 2020లో సీజనే జరగలేదు. ఆ గ్యాప్‌లో నన్ను నిలబెట్టింది సంక్రాంతి పోటీలే. పిలిచిన ఊరికల్లా వెళ్ళి మైకు పట్టుకున్నాను. చెడుగుడు తెలిసిన పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చుంటారు, తప్పు చెబితే అక్కడే అరుస్తారు. అంతకన్నా మంచి ట్రైనింగ్ ఇంకోటి లేదని నా నమ్మకం.

రెండోసారి సెలెక్టయ్యాను. అసలు కష్టం అప్పుడు తెలిసింది. కూతకి 30 సెకన్లు. ఆ టైమంతా మెయిన్ కామెంటేటర్‌ది. నాలాంటి ఆడినవాడికి దొరికేది కూతకీ కూతకీ మధ్య, రీప్లే నడిచే కాస్త సేపే. అందులోనే చెప్పి ముగించాలి. ఉదాహరణకి, డిఫెన్స్‌లో కనీసం ఆరుగురుంటేనే రైడర్‌కి బోనస్ పాయింట్, ఒక కాలు బోనస్ గీత దాటాలి, రెండో కాలు గాల్లో ఉండాలి. ఇది ఒక్క ఊపిరిలో చెప్పడానికి స్టాప్‌వాచ్ పెట్టుకుని వారం రోజులు సాధన చేశాను.

మొదటి లైవ్ రోజు టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. ఎదురుగా మానిటర్, తలకి హెడ్‌సెట్, చెవిలో ప్రొడ్యూసర్ గొంతు. ఫస్టాఫ్‌లో ఒక పట్టు గురించి వివరిస్తూ వివరిస్తూ ఆపడం మర్చిపోయాను. ఈలోగా తర్వాతి కూత మొదలైంది. కోర్టులో ముగ్గురే మిగిలినా రైడర్‌ని పట్టేశారు, సూపర్ ట్యాకిల్. నేనింకా పాత పట్టు దగ్గరే ఉన్నాను. "ఆపండి" అని చెవిలో వినబడింది. అంత మంచి పట్టు నా వల్ల మాట లేకుండా పోయింది. ఒక డిఫెండర్‌గా ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

బ్రేక్‌లో సీనియర్ కామెంటేటర్ అన్న నీళ్ళ బాటిల్ ఇచ్చి, "తమ్ముడూ, నీకు మాట రాగానే నా మోచెయ్యి నొక్కు, నేను ఆపుతా. నేను నొక్కితే నువ్వు ఆపెయ్" అన్నాడు. ఆయన కూర్చున్నది నా కుడి పక్కన, సరిగ్గా లెఫ్ట్ ఇన్ ఉండే చోట. మనసు కుదుటపడింది.

సెకండాఫ్‌లో ఒక రైడర్ బోనస్ కోసం కాలు చాపాడు. కార్నర్ కదిలే తీరు చూడగానే తెలిసిపోయింది. అన్న మోచెయ్యి నొక్కాను. ఈల మోగగానే ఆయన ఆగాడు. "చీలమండ దొరికిపోయింది. ముందుకాలు లోపల వేశాడు, ఒంటి బరువంతా దాని మీదే ఉంది, ఇక వెనక్కి లాక్కోలేడు. కార్నర్ ఇంతసేపు కాచుకున్నది ఆ కాలి కోసమే" అన్నాను.

అన్న నా మోచెయ్యి నొక్కాడు. ఆపేశాను. తర్వాతి రైడర్ అప్పుడే మధ్యగీత దాటుతున్నాడు.