ఎవరికి ఇవ్వాలి?

మా పాఠశాల గ్రంథాలయానికి ప్రత్యేకంగా గది ఉండేది కాదు. వరండా చివర రెండు చెక్క బీరువాలు, వాటి ముందు ఒక బల్ల, ఆ బల్లకు పురికొసతో కట్టిన ఒక పొడుగాటి రిజిస్టరు, అంతే. బీరువాల తాళాలు మా తెలుగు మాష్టారి దగ్గర ఉండేవి. పుస్తకం తిరిగి ఇచ్చే ప్రతి విద్యార్థీ ఆ రిజిస్టరులో మూడు గడులు నింపాలన్నది ఆయన పెట్టిన నియమం: చదివిన పుస్తకం, ఎవరికి ఇవ్వాలి, ఎందుకు. మొదట్లో మేమంతా రెండో గడిలో ‘అందరికీ’ అనీ, మూడో గడిలో ‘చాలా బాగుంది’ అనీ రాసేవాళ్లం. ఆయన దాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసి, “మంచి నవల అని నాకూ తెలుసురా, మన క్లాసులో అది ఎవరికి మంచిదో రాయి” అనేవారు. అలా రాయాలంటే పుస్తకాన్ని శ్రద్ధగా చదవడం ఒక్కటే చాలదు, పక్క బెంచీలో కూర్చున్న వాళ్ల ఇంటి సంగతులూ, ఇష్టాయిష్టాలూ కూడా కొంత తెలిసి ఉండాలి.

ఆ బీరువాల్లో నాకు అన్నిటికంటే ప్రియమైనవి అచ్చు పుస్తకాలు కావు, ఊళ్లోవాళ్లు దానంగా ఇచ్చిన బైండు పుస్తకాలు. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను ప్రతి వారం జాగ్రత్తగా విడదీసి దాచుకుని, నవల పూర్తయ్యాక కుట్టించి, గట్టి అట్ట వేయించుకోవడం ఆ రోజుల్లో చదువరుల ఇళ్లలో మామూలు. ఆ పేజీల వెనక సగం వంటకమూ, సగం జవాబూ, సబ్బు ప్రకటనలో ఒక మూలా కనిపించేవి. ఎక్కడో ఒక వారం సంచిక దొరకకపోతే, ఆ భాగాన్ని పొరుగువారి పత్రిక చూసి రూళ్ల కాగితం మీద చేత్తో రాసి మధ్యలో కుట్టేవారు. గుండ్రని దస్తూరీతో, అడ్డంగా ఒక్క కొట్టివేత లేకుండా ఎవరో గృహిణి రాసిన అలాంటి పుటలను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఒక నవల మీద అంతకంటే బలమైన సిఫారసు నేను నేటివరకూ చూడలేదు.

మాష్టారి నియమం ప్రకారమే, మన పూర్వ విద్యార్థుల సమావేశం సందర్భంగా వస్తున్న ఈ సంచిక ద్వారా మన మిత్రులకు కొన్ని నవలలు సూచించాలని నా కోరిక. నాటి మన ఆడపిల్లల్లో చాలామంది ఉద్యోగాలు చేసి, ఇళ్లు నిలబెట్టి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నారు. వారందరూ డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ మరొక్కసారి చదవాలి. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన నవల ఇది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, బాధ్యత తెలియని తండ్రిని పోషించే ఇందిర ఇందులో ఉంది. ఆమె త్యాగమూర్తి కాదు, అలాగని దుష్టురాలూ కాదు. తనకు ఏం కావాలో తెలిసిన మనిషి, దాన్ని తీసుకోవడానికి ఎవరి అనుమతీ అడగని మనిషి. వైద్య విద్యార్థి ప్రకాశం పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పలేక తడబడే చోట, ఆమె చూపిన స్థైర్యాన్ని రచయిత్రి ఎక్కడా పొగడలేదు, తప్పుపట్టనూ లేదు. పదిహేనేళ్ల వయసులో చదివినప్పుడు నాకు ఇందులోని మరో యువతి కల్యాణి మీద జాలి కలిగింది. ఇన్నేళ్ల తర్వాత చదివితే కళ్లు ఇందిర మీదనుంచి కదలలేదు. దీని ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ చిత్రం వచ్చింది గానీ, సినిమా చూశాం కదా అని నవలను వదిలేయడం న్యాయం కాదు. శ్రీదేవి గారు 1961లో, ముప్పై దాటిన కొద్దికాలానికే కన్నుమూశారు. ఆమె బతికి ఉంటే మన నవల ఏ దారిన నడిచేదోనని ఈ పుస్తకం మూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.

ఉద్యోగరీత్యా హైదరాబాదులో స్థిరపడ్డ మనవాళ్లకు వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’ ఇస్తాను. మనం పెరిగిన కోస్తా ఊళ్లలో నిజాం పాలనలోని పల్లె బతుకు ఎలా ఉండేదో పాఠాల్లో ఒక పేరాకు మించి చెప్పలేదు. దిమ్మెగూడెం అనే ఊళ్లో దొర రామభూపాలరావు ఆధిపత్యమూ, దానికి ఎదురు నిలిచిన కంఠీరవం ఎదుగుదలా చదివితే, మనం నివసిస్తున్న నేల చరిత్ర కొంతైనా అర్థమవుతుంది. ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేయడంతో ఆగకుండా స్వయంగా మోసుకెళ్లి పాఠకులకు అందించిన మనిషి. చదువరులమని చెప్పుకునే మనందరం తలవంచి నమస్కరించవలసిన పేరు అది. దీని వెంటనే దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ చదివితే ఇంకా మంచిది.

పెద్ద పుస్తకాలకు తీరిక లేదనే మిత్రులకు, ముఖ్యంగా అమెరికాలో పిల్లల దగ్గర ఉంటూ తెలుగు పుస్తకం ముట్టి ఏళ్లయిందని చెప్పేవారికి, డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. పందులు మేపుకునే ఒక ముసలివాడు, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ సాయంత్రం అడవిలోకి వెళతాడు, కథంతా ఆ ఒక్క రాత్రిలో నడుస్తుంది. ముగింపు నేను చెప్పను. ఆ ముసలివాడికి రచయిత పేరైనా పెట్టలేదు, అయినా వాడి ప్రతి కదలికా, చీకట్లో వాడు విన్న ప్రతి చప్పుడూ మనకు తెలిసిన మనిషికి జరుగుతున్నట్లే ఉంటుంది. డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో వైద్యులుగా పనిచేసిన ఈ రచయిత, సమాజం పక్కన పెట్టిన మనుషులను ఎంత దగ్గరగా చూశారో ఆయన రాసిన ఏ పుటలోనైనా తెలుస్తుంది.

‘వేయిపడగలు’ గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. విశ్వనాథ వారి నవల గొప్పదే, అయితే చాలాకాలం చదువు మానేసినవారు దానితో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ వాక్యాల పొడవుకూ, కథ జరిగే సుబ్బన్నపేట నిదానానికీ ఓపిక అలవాటు కావాలి. ముందు రెండు మూడు చిన్న నవలలు పూర్తిచేసి దాని దగ్గరకు వెళితే కథానాయకుడు ధర్మారావు తప్పక ఆదరిస్తాడు. ఇక తెలుగు చదవడం కష్టమనే మనుమలకు పుస్తకం చేతికివ్వవద్దు, ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం రోజుకు కొంతగా మీరే చదివి వినిపించండి. మొగల్తూరు నుంచి బయల్దేరిన ఆ యువకుడు రైలెక్కి, ఓడెక్కి పడిన పాట్లు వినడానికి ఏ పిల్లలైనా దగ్గరికి జరుగుతారు.

ప్రస్తుతం నేను ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ మళ్లీ చదువుతున్నాను. వేలూరు జైలులో ఖైదీగా ఉంటూ ఆయన రాసిన ఈ నవల 1922లో వెలువడగా, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. సంగదాసు మరణించే ఘట్టం ముందే తెలిసినా, అక్కడికి వచ్చేసరికి రెండు రోజులు పుస్తకం పక్కన పెట్టవలసి వచ్చింది. అతని తండ్రి రామదాసు అంత దుఃఖాన్నీ తత్త్వాలతో ఎలా భరించాడన్న ప్రశ్నకు నాకింకా సమాధానం దొరకలేదు. జైలు అధ్యాయాలు చదువుతుంటే, జీవితమంతా కోర్టుల్లో గడిపి, నేరమూ శిక్షా గురించి మనకంటే ఎక్కువ ఎరిగిన మన తరగతి మిత్రుడే మాటిమాటికీ గుర్తుకు వస్తున్నాడు. అందుకే ఈ ప్రతి ముందుగా అతనికే ఇస్తాను. సమావేశానికి వచ్చే మిగతా మిత్రులు కూడా ప్రస్తుతం చదువుతున్న నవలను వెంట తెచ్చుకుని, మనలో ఎవరి కోసం తెచ్చారో మొదటి పేజీలో రాసి తీసుకురావలసిందిగా నా విన్నపం.