టెమా పింక్ షీట్, గాజువాక 17సి

2025 సంక్రాంతికి ఇంటికొచ్చాను. భోగి సాయంత్రం విశాఖ గాజువాకలో మా అరుగు మీద కూర్చున్నాం. చిన్నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి, "మీ ఆఫ్రికాలో మొన్న ఎలక్షన్లయినాయట గదరా, బాగా కొట్టుకున్నారా?" అని అడిగాడు.

ఆయన మామూలుగానే అడిగాడు. నాకే చివుక్కుమంది. ఆయన అడిగింది ఘనా గురించి, పదమూడేళ్లుగా నాకు అన్నం పెట్టిన దేశమది. "లేదు చిన్నాన్నా, ఓడిపోయినాయన మర్నాడే ఫోన్ చేసి గెలిచినాయనకి అభినందనలు చెప్పాడు" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ రాత్రి భోజనాల దాకా చెబుతూనే ఉన్నాను. చెప్పింది, చెప్పలేకపోయింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. స్టీల్ ప్లాంట్‌లో షట్‌డౌన్ పనులకి కాంట్రాక్టు మీద వెళ్లేవాణ్ని. 2011లో ఘనా వెళ్లాను. రాజధాని అక్రాకి తూర్పున టెమా అనే రేవు పట్నం ఉంది. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన ఎన్‌క్రుమా కాలంలో కట్టిన ఊరు, హార్బరు 1962లో మొదలైంది. సముద్రం, క్రేన్లు, ఇనుము వాసన. దిగిన మొదటి రోజే మా విశాఖ రేవు పక్కనున్న మల్కాపురంలో ఉన్నట్టు అనిపించింది. పాత ఇనుము కరిగించి కడ్డీలు తీసే రోలింగ్ మిల్లులో మెయింటెనెన్స్ పని నాది.

వెళ్లిన ఏడాదికే, 2012 డిసెంబర్‌లో అక్కడ ఎన్నికలొచ్చాయి. ఇండియా వాళ్లందరికీ పది రోజులకి సరిపడా బియ్యం, పప్పు, గ్యాస్ తెచ్చిపెట్టుకోమన్నారు. బయటికి వెళ్లొద్దన్నారు. ఒకటే టెన్షన్. వేలిముద్ర చూసే మెషీన్లు ఆ ఏడాదే మొదటిసారి పెట్టారు. కొన్నిచోట్ల అవి మొరాయించడంతో పోలింగ్ రెండో రోజు కూడా జరిగింది. అప్పటి అధ్యక్షుడు జాన్ మహామా గెలిచారని ప్రకటించారు. ఆయన మీద పోటీ చేసిన ప్రతిపక్ష నేత నానా అకుఫో అడో పార్టీ ఒప్పుకోలేదు. ఇక గొడవలే అనుకుని తలుపులేసుకున్నాం. ఆ పార్టీ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఆ కేసు ఎనిమిది నెలలు నడిచింది. వాదనలన్నీ టీవీలో, రేడియోలో లైవ్. మా షెడ్డులో ప్యానెల్ గది దగ్గర ఒక చిన్న రేడియో ఉండేది, ఆ ఎనిమిది నెలలూ అది ఆగలేదు. పదకొండు వేలకు పైగా పోలింగ్ కేంద్రాల కాగితాల మీద వాదన. ఒకచోట వేలిముద్ర చూడకుండా ఓటు వేయించారంటారు, ఇంకోచోట అధికారి సంతకం లేదంటారు, మరోచోట వచ్చిన మనుషుల కంటే పెట్టెలో ఓట్లు ఎక్కువున్నాయంటారు. నా హెల్పర్ హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. అతను మధ్యాహ్నం కెంకె, అంటే మొక్కజొన్న ముద్ద, తింటూ ఓవర్ ఓటింగ్ అంటే ఏమిటో నాకు నేల మీద సుద్దతో లెక్క వేసి చూపించేవాడు. ఇంత మందికి ఓటుంది, ఇంత మంది వచ్చారు, పెట్టెలో ఇన్ని కాగితాలున్నాయి, తేడా ఎక్కడ? మన దగ్గర చదువుకున్నవాళ్లం కూడా ఎన్నికల గురించి ఇలా లెక్కతో మాట్లాడుకోం, కులంతో మాట్లాడుకుంటాం. అది చూసి నాకు సిగ్గేసింది, నిజంగా.

2013 ఆగస్టు 29న తీర్పు వచ్చింది. మహామా ఎన్నిక చెల్లుతుందన్నారు. తీర్పుతో ఏకీభవించను గానీ కట్టుబడతానని అకుఫో అడో చెప్పి, మహామాకి ఫోన్ చేశారు. మర్నాడు ఉదయం షిఫ్టుకి అందరూ వచ్చారు. మిల్లు నడిచింది.

ఆ తర్వాత కరెంటు కష్టాలు మొదలయ్యాయి. వాళ్ల భాషలో దాన్ని డుమ్సోర్ అంటారు, ఆరడం వెలగడం అని. ఫర్నేసులో కరిగిన ఇనుము ఉండగా కరెంటు పోతే ఏమవుతుందో ఆ పని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అందులోనే గడ్డ కడుతుంది. నేను రాత్రుళ్లు నిద్రపోని నెలలున్నాయి. 2015 మేలో సినిమా నటి ఇవోన్ నెల్సన్ పిలుపిస్తే అక్రాలో జనం ఏ పార్టీ జెండా లేకుండా నడిచారు. మా వాళ్లు కొందరు షిఫ్టు అయ్యాక వెళ్లొచ్చారు. ఏడాదిన్నర తర్వాత, 2016 ఎన్నికల్లో మహామా ఓడిపోయారు, అకుఫో అడో గెలిచారు. కరెంటు ఒక్కటే కారణమని అనను. అదీ ఒక కారణమని మిల్లులో అందరికీ తెలుసు.

ఆ నడక నుంచి వచ్చినవాళ్లు, మీ ఊళ్లో ఇలాంటివి ఉంటాయా అని నన్నడిగారు. 1966 సంగతి చెప్పాను. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా లేస్తే 32 మంది ప్రాణాలు పోయాయనీ, మా ఫ్యాక్టరీ అలా వచ్చిందనీ చెప్పాను. మా నాన్న అప్పుడు కుర్రాడు. తర్వాత 2021లో ప్లాంటుని ప్రైవేటు వాళ్లకి ఇస్తారన్నప్పుడు కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం వేశారు కదా, ఆ ఫొటోలు కూడా చూపించాను. మా క్రేన్ ఆపరేటర్ చాలాసేపు చూసి, "బాస్, వీళ్లలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. "అయితే బలమైనదే" అన్నాడు.

ఆ క్రేన్ ఆపరేటరే 2024 డిసెంబర్ 7న ఒక పార్టీ తరఫున పోలింగ్ ఏజెంటు. సాయంత్రం ఐదయ్యాక రమ్మన్నాడు. నేను బయటివాణ్ని కాబట్టి రోడ్డుకు ఇవతల, కొట్టు దగ్గర నిలబడ్డాను. బడి ఆవరణలో గుడారం, కింద ఒక బల్ల. అక్కడ ఓటు కాగితం మీద అభ్యర్థి ఎదురుగా సిరా అద్దిన వేలిముద్ర వేస్తారు. పెట్టె పారదర్శకంగా ఉంటుంది, 1996 నుంచీ అంతే. ఐదు కొట్టగానే క్యూ మూసేశారు. అధికారి పెట్టె విప్పి బల్ల మీద బోర్లించింది. ఒక్కో కాగితం తీసి, రెండు చేతులతో పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూపించింది. పేరు చెప్పింది. అప్పుడు జనం లెక్క మొదలుపెట్టారు.

ఒకటి. రెండు. మూడు. నూరు మందికి పైగా ఒక్క గొంతుతో. పిల్లలు కూడా. ఎప్పుడైనా వేలిముద్ర రెండు గళ్ల మధ్య పడితే అరుపులు, వాదన. ఇద్దరు ఏజెంట్లూ వంగి చూసి, ఒప్పుకుంటే పక్కన పెట్టడం, మళ్లీ లెక్క. చీకటి పడింది. ఎవరూ చెప్పకుండానే ఫోన్ లైట్లు వేసి బల్ల మీదికి పట్టారు. ఎదుటి పార్టీ ఏజెంటు వేయించిన చేప పొట్లం విప్పి మా క్రేన్ ఆపరేటర్ ముందు కూడా పెట్టాడు, కళ్లు మాత్రం కాగితాల మీదే. చివరికి అంకెలు ఒక ఫారం మీద రాసి, ఏజెంట్లు సంతకాలు పెట్టి, తలా ఒక కాపీ తీసుకున్నారు. ఒకటి అక్కడే గోడకు అంటించారు. దాన్ని అక్కడ పింక్ షీట్ అంటారు. ఎవరికి ఎన్ని పడ్డాయో ఆ రాత్రే, ఆ వీధి వాళ్లకి, ఆ గోడ మీద తెలిసిపోతుంది. నా జీవితంలో అంత అందమైన లెక్క నేను చూడలేదు.

గోడ మీద ఉన్నది పై ఆఫీసుకి వెళ్లేసరికి మారితే? దానికీ మనుషులున్నారు. క్రేన్ ఆపరేటర్ చెల్లెలు టీచరు. ఆమె కోడియో అనే స్వచ్ఛంద పరిశీలకుల కూటమిలో పనిచేసేది. వీళ్లు కొన్ని పోలింగ్ కేంద్రాలని శాంపిల్‌గా తీసుకుని, అక్కడి అంకెలు నేరుగా తెప్పించుకుని, అధికారిక ఫలితంతో పోల్చి చూస్తారు. 2008లో 90 లక్షల ఓట్లలో గెలుపోటముల తేడా దాదాపు 40 వేలే. అప్పుడు దేశం నిలబడడానికి ఈ లెక్క కూడా సాయపడిందని ఆమె గర్వంగా చెప్పేది.

డిసెంబర్ 8న, అధికారిక ప్రకటన రాకముందే, బవుమియా ఓటమి ఒప్పుకున్నారు. ఆయన అప్పుడు ఉపాధ్యక్షుడు, అకుఫో అడో పార్టీ అభ్యర్థి. మహామా మళ్లీ వచ్చారు. అంతా బంగారమని అనడం లేదు. 2020 ఎన్నికల గొడవల్లో ఐదుగురు చనిపోయారని పోలీసులే చెప్పారు. ఈసారి కూడా బూత్‌ల అంకెలు కలిపే కొన్ని కేంద్రాల్లో గలాటా అయింది. అక్రాలోని అబ్లెకుమా నార్త్ పార్లమెంటు సీటు 2025 జూలై దాకా తేలలేదు.

ఇదంతా విని చిన్నాన్న, "మరి నీ ఓటేదిరా?" అన్నాడు.

ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం 6ఎ ఫారం ఉంది, నింపాను, పాస్‌పోర్టు అడ్రసు మీద పేరొచ్చింది. కానీ ఓటు వేయాలంటే స్వయంగా గాజువాక రావాలి. 2024 మేలో పోలింగ్ నాటికి ఇక్కడికి రావాలంటే రెండు విమానాలు మారాలి, ఒక నెల జీతం పోవాలి, మిల్లు వదలాలి. రాలేకపోయాను. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 1.19 లక్షల మంది ప్రవాసులు నమోదైతే ఓటు వేసింది మూడు వేల లోపే. ఘనా వాళ్లకీ ఇదే బాధ. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నుంచే ఓటేయడానికి 2006లో చట్టం చేశారు, ఇప్పటికీ అమలు కాలేదు. మా మిల్లులో ఇటలీలో అన్న ఉన్నవాడూ నేనూ దీని గురించి ఒకరినొకరు ఓదార్చుకునేవాళ్లం.

"బాగానే ఉంది గానీ, గోడకి అంటించేస్తే ఎలారా?" అన్నాడు చిన్నాన్న. "ఏ వీధి ఎవరికేసిందో తెలిసిపోదా? గెలిచినోడు వచ్చి, మీ బూత్‌లో నాకు పడలేదు, మీ రోడ్డు తర్వాత చూద్దాం అంటే?"

ఆయన మాటలో నిజముంది. మన దగ్గర కాగితం ఓట్ల రోజుల్లో బూత్ తెలియకుండా ఓట్లన్నీ కలిపి లెక్కపెట్టేవారు. మెషీన్లు వచ్చాక ఆ కలపడం పోయింది, బూత్ వారీగా బయటపడుతోంది. చాలా మెషీన్ల ఓట్లు కలిపి చూపించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, అది ముందుకు పోలేదు. అంటే ఏ వీధి ఎటేసిందో మన దగ్గరా తెలిసిపోతోంది. వీధివాళ్లు చూస్తుండగా లెక్కపెట్టడం మాత్రం లేదు. నాకు నచ్చనిది అదే.

ఇంకోటి కూడా అన్నాను. మన నగరానికి 2007లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి, పాలకవర్గం గడువు 2012లో ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో. ఆ తొమ్మిదేళ్లూ విశాఖకి మేయర్ లేరు, వార్డుకి కార్పొరేటర్ లేరు. నేను టెమాలో వాళ్ల ఎన్నికలు మూడు చూసేశాను ఈలోగా. "ఒక్కరైనా కూర్మన్నపాలెంలో టెంటు వేసినట్టు దీనికోసం కూర్చున్నారా చిన్నాన్నా?" అంటే ఆయన జవాబివ్వలేదు.

కాసేపాగి లోపలికి వెళ్లాడు. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఫారం 17సి, బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి ఏజెంట్లకిచ్చే కాగితం. 2024 మే 13న ఆయన మా బూత్‌లో ఒక పార్టీకి ఏజెంటు. ఆ సంగతి నాకు తెలియదు, ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. మెషీన్ నంబర్లు, సీళ్ల నంబర్లు, మొత్తం ఎంతమంది ఓటేశారో, కింద ప్రిసైడింగ్ ఆఫీసరు సంతకం. జూన్ 4న లెక్కింపు రోజు ఈ అంకెతోనే మెషీన్ అంకెని సరిచూసుకున్నారట.

ఫొటో తీసి టెమాకి పంపాను. క్రేన్ ఆపరేటర్ నుంచి పది నిమిషాల్లో జవాబొచ్చింది. "బాస్, ఎవరికెన్ని పడ్డాయో ఇందులో ఎక్కడుంది?"

చదివి వినిపించాను.

"ఇరవై రెండు రోజులు ఆగాలని చెప్పు" అన్నాడు చిన్నాన్న.

"అన్ని రోజులూ ఆ మెషీన్ల దగ్గర ఎవరున్నారని అడుగుతాడు చిన్నాన్నా."

"లోపల పోలీసులు, బయట మేం. కెమెరాలో తలుపు కనబడే టీవీ ముందు వంతుల వారీగా కూర్చున్నాం. మూడు రాత్రులు నాది వంతు, కునుకు తీయలేదు. అది రాయి" అన్నాడు.

రాసి పంపాను.