మీటరు చెప్పని తడి

వారం రోజులుగా రెండు మీటర్ల బ్యాండులో (145 మెగాహెర్ట్జ్ ప్రాంతం) నా సిగ్నల్ పడిపోయిందని తోటి హామ్‌లు, అంటే నాలాగే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, చెబుతూనే ఉన్నారు. "మాట అందుతోంది కానీ వెనకాల ఒకటే ఇసుక రాలుతున్న చప్పుడు" అన్నారొకాయన. నేనేమో ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు చూసుకుని ధీమాగా ఉన్నాను. యాంటెన్నా తీసుకోకుండా వెనక్కి పంపే పవర్‌ను బట్టి అంకె చూపే మీటరది, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది. యాంటెన్నా పెట్టిన కొత్తలో 1.3 చూపించేది, ఇప్పుడు 1.1. బాగుపడిందనుకున్నాను. ఎవరూ చెయ్యి పెట్టకుండా యాంటెన్నా దానంతటది ఎలా బాగుపడుతుందన్న అనుమానం ఇవాళ పొద్దున మెలకువ రాగానే వచ్చింది. సెలవు రోజే కాబట్టి ఎస్‌డబ్ల్యుఆర్ కొలిచే అనలైజర్, పనిముట్లు తీసుకుని మేడెక్కాను. అమ్మాయి కూడా వెంట వచ్చింది.

"మీటరు బాగుందంటోంది కదా నాన్నా, మరెందుకు విప్పడం?" అనడిగింది.

సరైన ప్రశ్నే. పైనుంచి తిరిగొచ్చే పవర్ ఎంతో చూసి మీటరు లెక్క చెబుతుంది. కేబులే పైకి వెళ్లేటప్పుడు కొంత, దిగేటప్పుడు కొంత మింగేస్తే తిరిగొచ్చేది దాదాపు ఉండదు. మీటరుకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే యాంటెన్నా విప్పేసి, కేబుల్ చివర ఖాళీగా వదిలి, కింద అనలైజర్ పెట్టి చూశాం. నాది 20 మీటర్ల ఆర్‌జీ-213 రకం కేబుల్. చివర యాంటెన్నా లేకపోతే అక్కడికి చేరిన పవరంతా వెనక్కే రావాలి, కాబట్టి ఈ పరీక్షలో అంకె పెద్దగా ఉంటేనే కేబుల్ బాగున్నట్టు. కేబుల్ బాగుంటే ఇలా ఖాళీగా వదిలినప్పుడు 145 మెగాహెర్ట్జ్ దగ్గర 5కు అటూ ఇటూగా చూపాలి. 2 చూపించింది. అంటే పంపిన పవర్‌లో తొమ్మిదో వంతే తిరిగొస్తోంది. రానూ పోనూ కలిపితే తొమ్మిదో వంతు కాబట్టి ఒకవైపు ప్రయాణానికి మూడో వంతు. నేను 50 వాట్లు పంపుతున్నానని సంబరపడుతుంటే పైకి చేరుతున్నది పదహారో పదిహేడో. మిగతాదంతా దారిలోనే వేడైపోతోంది. కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పైన కేబుల్‌ను యాంటెన్నాకు కలిపేది పీఎల్-259 కనెక్టర్. దాని మీద చుట్టిన మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు పెళుసుబారి, జిగురంతా కారిపోయి ఉంది. కత్తితో కోసి రింగు తిప్పితే లోపల ఒక నీటి బొట్టు మెరిసింది. మధ్య పిన్ను చుట్టూ పచ్చటి చిలుము. తొడుగు ఒలిచి చూస్తే రాగి రంగులో నిగనిగలాడాల్సిన అల్లిక తీగ మసిబారినట్టు నల్లగా ఉంది. దీపం వత్తి నూనెను పీల్చినట్టే ఈ అల్లిక నీళ్లను పీల్చుకుంటుంది. పైన ఒక్క సందు దొరికితే చాలు, తడి తొడుగు లోపలే కేబుల్ వెంబడి దిగిపోతుంది.

ఆరబెడితే సరిపోతుందేమోనన్న ఆశ కలిగింది గానీ, నల్లబడ్డ రాగికి సోల్డర్ అంటదు, నష్టమూ తగ్గదు. ఒక మీటరు కోశాను. ఇంకా నలుపే. ఇంకో మీటరు. అక్కడక్కడా మరకలు. మూడో మీటరు కోశాక గానీ ఎర్రటి రాగి కనబడలేదు. మంచి కేబుల్‌ను అలా ముక్కలు చేస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఇక కనెక్టర్ ఎంపిక. పీఎల్-259 మీద నాకు కోపం లేదు. 1930లలో ఆంఫినాల్ సంస్థలో క్వాకెన్‌బుష్ అనే ఇంజనీరు రూపొందించిన ఆ కనెక్టర్ హెచ్‌ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ లోపు) బ్యాండ్లలో ఇప్పటికీ దివ్యంగా పనిచేస్తుంది. ఆ బ్యాండ్లకు వాడే నా తీగ యాంటెన్నా డైపోల్‌కు అదే ఉంది, అదే ఉంటుంది. 145 దగ్గర కూడా దాని వల్ల పోయే పవర్ చెప్పుకోదగ్గది కాదు. 430 మెగాహెర్ట్జ్‌కు వెళితే మాత్రం కేబుల్‌కు సరిపోయే 50 ఓమ్‌ల దగ్గర నిలకడగా ఉండదు కాబట్టి తేడా తెలుస్తుంది. అసలు లోపం, దానికి వాన నీరు ఆపే ఏర్పాటు లేకపోవడం. బెల్ ల్యాబ్స్‌లో పాల్ నీల్ 1940లలో చేసిన ఎన్-టైప్ కనెక్టర్‌కు లోపలే రబ్బరు వాషర్లు ఉంటాయి. నీల్ అన్న ఇంటిపేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరం 'ఎన్' దానికి పేరైంది. ఆరుబయట ఉండేదానికి ఎన్-టైపే పెట్టాలని నిర్ణయించుకున్నాను. నా యాంటెన్నా సొంతంగా చేసుకున్నదే: పీఎల్-259 బిగించే ఎస్‌ఓ-239 సాకెట్ మీద నిలువుగా అర మీటరు కడ్డీ, నాలుగు మూలల మరలకు నాలుగు అడ్డ కడ్డీలు. ఆ సాకెట్ తీసేసి ఎన్-టైప్ సాకెట్ పెడితే మరల రంధ్రాలు అచ్చంగా సరిపోయాయి.

ఎన్-టైప్ బిగించడం ఓపికతో చేయాల్సిన పని. వెనక నట్టు, వాషరు, రబ్బరు రింగు ముందే కేబుల్‌కు తొడగాలి. అల్లికను పిన్నీసుతో దువ్వి, క్లాంపు మీదుగా వెనక్కి మడిచి, మిగిలిన కొసలు కత్తిరించాను. ఒక్క పోగు మధ్య తీగను తాకినా షార్టే. అందుకని అమ్మాయి టార్చి పట్టుకుని చుట్టూ తిప్పి చూసింది, రెండు పోగులు పట్టించింది కూడా. తర్వాత మధ్య పిన్ను. పిన్నును ఐరన్‌తో వేడి చేసి, పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సోల్డర్ లోపలికి పారనిచ్చాను. ఎక్కువసేపు పెడితే లోపలి తెల్లటి పాలిథిన్ మెత్తబడి తీగ పక్కకు జరుగుతుంది. మొదటిసారి అదే జరిగింది. మళ్లీ కోసి మళ్లీ చేశాను. పిన్ను మరీ ముందుకొస్తే సాకెట్ లోపలి రేకులు చెడతాయి, వెనక్కుంటే అసలు తగలదు. చివరికి రెండు స్పానర్లతో, బాడీ కదలకుండా పట్టుకుని నట్టు మాత్రమే తిప్పాను. బాడీని తిప్పితే లోపల అల్లిక మెలిపడిపోతుంది.

మల్టీమీటర్‌తో చూస్తే షార్టు లేదు. కనెక్టర్‌ను అటూ ఇటూ వంచుతూ మళ్లీ చూశాను, లేదు. రబ్బరు వాషర్లున్నాయి కదా అని వదిలేయకుండా, సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టాను, ఇంటి మీద పెంకులు పరిచినట్టు పై పొర కింది పొరను కప్పేలా. దాని మీద ఎండ తట్టుకునే మామూలు టేపు. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట గోడ బయట ఒక వంపు కిందికి వేలాడదీశాను, నీరు అక్కడే కారిపోతుంది.

యాంటెన్నా తగిలించకముందు ఖాళీ కేబుల్‌ను చూస్తే 6 చూపింది. 17 మీటర్లకు అంతే రావాలి. తగిలించాక 1.3. "నాన్నా, పొద్దున్నకంటే పెరిగింది!" అని అమ్మాయి అరిచింది. ఆ పెరిగిన అంకె చూసి మేమిద్దరం ఎంత సంతోషించామో.

కేబుల్ మూడు మీటర్లు తగ్గేసరికి పాత చోటికి అందలేదు. రేడియో బల్లను కిటికీ పక్కకు జరిపాం. రాత్రి హామ్‌లంతా రేడియోలో కలిసే నెట్‌లో, ఇసుక చప్పుడు అన్నాయనే, "ఇవాళ ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది" అన్నారు. కనెక్టర్ టేపు మీద మార్కరుతో ఇవాళ్టి తేదీ రాసిపెట్టాం. రేపు డైపోల్ దగ్గరున్న పీఎల్-259 కూడా విప్పి చూడాలి. దాని మీద చుట్టినదీ ఆ పాత టేపే.