పాత మైనపు బిళ్ల

మా మేనత్తకి రొమ్ములో గడ్డ తగిలిందనగానే రాజోలు నుంచి కాకినాడ దాకా చుట్టాలందరం రొమ్ము క్యాన్సరనే అనేసుకున్నాం. మామోగ్రామ్‌లో గుండ్రంగా, నున్నటి అంచులతో ఉంది. సూదితో కండముక్క తీసి చేసిన బయాప్సీ రిపోర్టులో 'కార్సినోమా', అంటే క్యాన్సరని ఒక్క ముక్క. ఆపరేషన్‌కి డేటు కూడా ఇచ్చేశారు.

ఆ కండముక్కని పరీక్ష చేసే పెథాలజీ డాక్టరుగారు మాత్రం "ఇదివరకు ఏమైనా జబ్బు చేసిందా అమ్మా?" అని అడిగారు. రెండేళ్ల కిందట ఊపిరితిత్తి క్యాన్సర్‌కి వైద్యం చేయించాం. ఆ సంగతి ఫారంలో ఎవరూ రాయలేదు, మాతో సహా!

"ఆయ్, అప్పటి ముక్క దాచిన మైనపు బ్లాకు ఇంట్లో ఉందండి" అని మావయ్య బస్సెక్కాడు. బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనతో. మైనంలో గోరంత కండముక్క.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే పోలిక. కొత్తదానికి ఊపిరితిత్తి క్యాన్సర్లో తరచూ కనబడే టీటీఎఫ్-1 అనే ప్రొటీన్ పాజిటివ్, రొమ్ముదైతే మామూలుగా కనబడే గాటా-3 ప్రొటీన్ నెగెటివ్. ఊపిరితిత్తి నుంచి పాకిందే. రొమ్ములో దొరికే క్యాన్సర్లలో ఇలాంటివి మహా అయితే నూటికి రెండట.

ఆపరేషన్ ఆపేశారు. ఊపిరితిత్తికి వాడే మందులే మళ్లీ మొదలు. అత్త "కొయ్యరుగా, అయితే సరే" అని కొబ్బరినీళ్లు తెమ్మంది.